బండి పంపు నీరెత్తనప్పుడు

మన చిత్తూరు సీమయందు ఏటినీటిని నమ్ముకొని సేద్యము చేయు భాగ్యము కొద్దిమందికే కలదు. స్వర్ణముఖి, బాహుదా, పింఛ, అరణియారు మొదలగునవి వానలు కురిసినప్పుడు కొన్ని దినములు పాఱి, తక్కిన నెలలలో ఇసుకమేటలై యుండును. ఏటికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన కురియుచున్నను అది పైరు అడిగినప్పుడు కురియదు. అందుచేతనే మన పెద్దలు చెఱువులు కట్టిరి. రాతిని తొలిచి బావులు త్రవ్విరి. ఎద్దులను కట్టి కపిలతో నీరు తోడిరి. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడునాటికి చెన్నపురి రాజధానిలో ఆయిలింజినులతో నీరెత్తు పద్ధతి అప్పుడప్పుడే వ్యాపించుచుండెను. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొరగారు దానికై మిక్కిలి పాటుపడిరి. నేడు కపిల బాన చూచినవారే అరుదు. వందలకొలది అడుగుల లోతున నీట మునిగి పనిచేయు మోటార్లు ఇంటింటికి వచ్చినవి.

అయినను బండి పంపునకు పనిలేకుండ పోలేదు. రెండు చక్రముల ట్రాలీపై అయిదు గుఱ్ఱముల బలముగల డీసెలింజినును, దానితో కూర్చిన సెంట్రిఫ్యూగలు పంపును బిగించి, గుంట దగ్గఱకో వాగుగట్టునకో లాగుకొనిపోయెడి యేర్పాటునే మనవారు బండి పంపందురు. విద్యుత్తీగలు లేని చోట ఇదియే దిక్కు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో విత్తిన వేరుశనగ మఖ, పుబ్బలలో ఊడలు దిగి కాయ ఊరుచున్నప్పుడు వాన మొగము చాటువేసిన యెడల, ఒక్క తడి పెట్టగలిగినవానికి పంట దక్కును. పెట్టలేనివానికి కట్టె మాత్రమే మిగులును. 2016 ఆగస్టు నెలలో ప్రభుత్వమువారు రాయలసీమలో రెయిన్ గన్నులతో ఎండుచున్న వేరుశనగను కాపాడ యత్నించినదియు ఈ యొక్క తడి కొఱకే. సేద్యపు గుంటలోని నీరు నాలుగైదు దినములకన్న నిలువదు. పైరు అంతకన్న ఓర్వదు. అట్టి సమయమున, పోయిన యేడు కొట్టములో పెట్టిన పంపును బయటికి లాగి త్రిప్పగా, ఇంజిను చక్కగా మ్రోగును గాని గొట్టము కొనను చుక్కనీరు రాదు. ప్రతి సంవత్సరము ఈ కాలమున మాకు వచ్చు పిలుపులలో సగము ఇందుకొఱకే గనుక, విషయము కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఎనిమిది తొమ్మిది నెలలు కదలక యుండిన పంపులో ఏమేమి జరుగునో మొదట తెలిసికొనవలయును. పంపు పొట్టలో మిగిలిన నీటివలన ఇంపెల్లరునకును పొట్టగోడకును నడుమ త్రుప్పు పట్టి రెండును కరచుకొనును. ఇరుసు చుట్టును బిగించిన గ్లాండు త్రాడు ఎండి గట్టిపడును. ఫుట్ వాల్వులోని తోలుబిళ్ల ముడుచుకొని, తన పీటపై సరిగా కూర్చుండదు. రబ్బరు గొట్టము మడతలయందు చిట్లును. డీసెలు ట్యాంకు అడుగున నీరు చేరును. ఇవిగాక ప్రాణుల చేష్టలు వేఱు. కుమ్మరిపురుగు గొట్టపు మూతిలో మట్టిగూడు కట్టును. ఎలుక లోపల పీచు చేర్చి పిల్లలు పెట్టును. ఇంపెల్లరు రెక్కలనడుమ ఇఱుకుకొనిన మట్టిగడ్డ యొక్కటియే నీటిని సగమునకు తగ్గించుట మేము కన్నులార చూచినాము.

కావున ఇంజినును త్రిప్పుటకు ముందు పంపు ఇరుసును చేతితో త్రిప్పి చూడవలెను. తేలికగా తిరిగెనా మంచిదే. తిరుగకున్నచో సుత్తి తీయరాదు. పొట్టలో కిరసనాయిలు గాని డీసెలు గాని పోసి ఒక రాత్రి నానవిడిచి, మఱునాడు ఇరుసును అటునిటు కొంచెము కొంచెముగా కదిపినచో పెక్కుసారులు విడిపోవును. విడిపోకున్న పొట్టమూత విప్పి త్రుప్పు గీకవలెను. పోతయినుము దెబ్బకు ఓర్వదు. కరచుకొనిన పంపును ఇంజిను బలముతో విడిపింపజూచిన బెల్టు తెగును, లేదా ఇరుసు వంగును. వంగిన ఇరుసుగల పంపునకు ఎన్ని బేరింగులు మార్చినను నిలువవు.

ఇక అసలు సంగతికి వత్తము. ఇరుసు తిరుగుచున్నది, ఇంజిను నడచుచున్నది, నీరు మాత్రము రాదు. ఇట్టి స్థితిలో నూటికి తొంబదిసారులు దోషము పంపునందు గాక, పంపునకు క్రిందనుండు సక్షను గొట్టమునందు గలదని మా యనుభవము. దీని కారణము గ్రహించినవానికి సగము మరమ్మతు తెలిసినట్లే.

పంపు నీటిని పీల్చునని మనము వాడుకగా చెప్పుకొందుము గాని, నిజమునకు నీటిని పైకి త్రోయునది బయటి గాలి. గొట్టములోని గాలి తీసివేయబడినప్పుడు, గుంటలోని నీటిపై నొత్తుచున్న గాలిబరువు నీటిని గొట్టములోనికి ఎక్కించును. ఇటలీ దేశమున బావిపనివారు ముప్పదిమూడు ముప్పదినాలుగు అడుగులకు పైగా నీరు పీల్పించలేక విస్మయపడుచుండగా, గెలీలియో ఆ ముచ్చటను 1638లో తన గ్రంథమున వ్రాసెను. ఆయన శిష్యుడగు టారిచెల్లి 1643 ప్రాంతమున పాదరసముతో పరీక్షించి దానికి కారణము గాలిబరువేయని తేల్చెను. సముద్రమట్టమున ఈ బరువు సుమారు 34 అడుగుల నీటిని మాత్రమే నిలుపగలదు. ఎత్తుసీమలలో గాలి పలుచన గనుక ఇది ఇంకను తగ్గును. సముద్రమట్టమునకు ఇంచుమించు 2,300 అడుగుల యెత్తుననున్న మదనపల్లె మిట్టపై అది 31 అడుగులే. ఇది లెక్కలోని మాట. గొట్టములో రాపిడి, వంపులు, వాల్వు అడ్డు మొదలగునవి తీసివేయగా, పంపునకును నీటిమట్టమునకును నడుమ నిలువున 20 అడుగులకన్న ఎక్కువ యుంచరాదు. పదునైదు అడుగులైన ఇంకను మేలు. నీరు ఇరువదియారు అడుగుల క్రింద నుండగా గట్టుపై పంపు నిలిపి, ఇది పాడైనది, క్రొత్తది కొనవలెననువారు ఏటేట కనబడుదురు. వారికి కావలసినది క్రొత్త పంపు గాదు. పంపును నీటిచేరువకు దింపుకొను దారి.

సెంట్రిఫ్యూగలు పంపు గాలిని త్రోయలేదు. నీటిని మాత్రమే విసరగలదు. కావున దాని పొట్టయు, క్రింది గొట్టమును నిండ నీరుపోసి, పొట్టపైనున్న చిన్న మర విప్పి గాలినంతయు వెడలించిన పిమ్మటనే నడుపవలెను. ఎంత నీరు పోయవలయునో ముందుగా లెక్కకట్టుట మంచిది. 3 అంగుళముల గొట్టము 20 అడుగుల పొడవున సుమారు 28 లీటర్లు పట్టును; అనగా మన యిండ్లలోని పెద్దబిందెలు రెండు, పంపు పొట్టకు మఱికొంత. నాలుగు బిందెలు పోసినను నిండకున్న, ఆ నీరు ఫుట్ వాల్వునుండి తిరిగి గుంటలోనికే పోవుచున్నదన్నమాట. నిండిన పిదపను తొందరపడక పావుగంటసేపు ఊరకుండి మట్టము చూడుడు. దిగినచో వాల్వు సరిగా మూసికొనుటలేదు. పైకి తీసి, తోలుబిళ్ల క్రింద చిక్కిన రాతిపలుకో ఆకుముక్కయో యున్న తీసివేయుడు. తోలు గట్టిపడియున్న రాత్రి నీట నానబెట్టి మఱల బిగింపుడు, చీలియున్న మార్చుడు. వాల్వు వెల ఎంత, ఎండిన మడిచెక్క వెల ఎంత? ఈ రెంటిని సరిపోల్చక పాతతోలును గోనెపీచుతో కట్టి గడపువారిని చూచినప్పుడు మాకు విచారము కలుగును.

మట్టము దిగకున్నను, నడిపినప్పుడు నీరు కొంచెము వచ్చి ఆగిపోవుచున్నచో గాలి ఎక్కడనో చొరబడుచున్నదని తెలియవలెను. ఇదియే అందఱిని మోసపుచ్చు దోషము. డెలివరీ గొట్టమున బీటయున్న నీరు చిమ్మును, గ్రుడ్డివానికైనను తెలియును. సక్షను గొట్టమున బీటయున్న బయటికి చుక్కయు రాదు. లోపలికి గాలి పోవును. పొడిగా కనబడు కీలు మంచి కీలని తలచుట పొరపాటు.

పూతలపట్టు ప్రాంతమున ఒక రైతు మూడెకరముల వేరుశనగకు తడి పెట్టదలచి, అరువు తెచ్చిన బండి పంపును గుంటగట్టున నిలిపెను. రెండు దినములు నీరు రాలేదు. మెకానిక్కు వచ్చి పంపును మూడుసారులు విప్పి బిగించెను, ఇంపెల్లరు అరిగినదనెను, మార్చిననుగాని లాభము లేదనెను. మేము చేరునప్పటికి ఆ రైతు పట్టణమునకు పోయి ఇంపెల్లరు కొనుటకు పైకము కూర్చుకొనుచుండెను. పైరు నడిమధ్యాహ్నమున ఆకులు ముడుచుకొని, సాయంకాలమునకు మరల విప్పారుచున్నది. అనగా ఇంక రెండు దినముల యోపిక గలదు. ఇంజిను నడిపించి ఆపుడని కోరితిమి. చప్పుడు అణగిన మరుక్షణమున, గట్టున కూర్చుండి చూచుచున్న ఆ యింటి ముసలమ్మ, “ఈడ బుస్సుమంటా ఉండాది నాయనా” యని గొట్టపు కీలును చూపెను. ఇద్దఱు మగవారు రెండు దినములు వెదకి కానని దోషమును ఆమె చెవి పట్టినది. ఆ ఫ్లాంజిలోని రబ్బరు వాషరు ఎండి ఒకవైపు పగిలియుండెను. పాత ట్యూబు ముక్కను గుండ్రముగా కత్తిరించి పెట్టి, నాలుగు బోల్టులను ఎదురెదురుగా సరిసమానముగా బిగించగా, ఆ సాయంకాలమే నీరు పాఱినది. ఇంపెల్లరునకు ఏ లోపమును లేదు.

చెవికి వినబడనప్పుడు మఱియొక యుపాయము గలదు. పంపు నడచుచుండగా ఒక్కొక్క కీలుపై సబ్బునురుగు పూయుడు. గాలి చొరబడుచోట నురుగు లోపలికి లాగబడును. లేదా తడిమట్టిని కీలుచుట్టును మెత్తుడు. మెత్తినంతనే నీరు పెరిగెనా, దొంగ అచ్చటనే కలడు. గ్లాండును మఱువరాదు. ఎండిన గ్లాండు త్రాడు ద్వారా ఇరుసువెంట గాలి పోవును. త్రాడు మార్చి, నడచుచున్నప్పుడు నిమిషమునకు 40 మొదలు 60 చుక్కల నీరు కాఱునట్లు బిగించవలెను. ఆ చుక్కలు ఇరుసును చల్లబఱచుటకే కాఱును. ఒక్క చుక్కయు పడరాదని మరలు త్రిప్పి బిగించిన ఇరుసు కాగి, త్రాడు మాడి, గీతలు పడును. నీరు పొదుపు చేయుచున్నామనుకొని ఇరుసును పోగొట్టుకొనువారు గలరు.

గొట్టము వేసిన తీరును కూడ చూడవలెను. ఫుట్ వాల్వు నుండి పంపువఱకు గొట్టము ఎడతెగక మీదికి లేచుచుండవలెను. గట్టుమీద ఒంటెమూపువలె ఎత్తుగా లేచి, మరల పంపువైపునకు దిగినచో, ఆ మూపులో గాలిముద్ద చిక్కి నీటి నడ్డగించును. ఎంత పోసినను అది తొలగదు. వాల్వు జల్లెడ నీటిమట్టమునకు కనీసము రెండుమూడు అడుగుల లోతున, బురదకు తగులకుండ ఒక యడుగు మీద నుండవలెను. గుంట అడుగంటుచున్న కొలది నీటిలో సుడి పుట్టి దానివెంట గాలి పోవును. అప్పుడు సుడిపై ఒక పలకను తేలవిడిచినను కొంత మేలు.

నీరు వచ్చుచున్నది గాని చాలదనునప్పుడు, బెల్టు జారుచున్నదేమో చూచునది. పంపు వేగము నూటికి 10 తగ్గిన యెడల, నీరెత్తు శక్తి నూటికి 19 తగ్గును. గట్టుమీద బాగుగా వచ్చిన నీరు మెట్టకు ఎక్కకుండుటకు ఇదియొక కారణము. పంపులో గులకరాళ్లు దొరలునట్లు చప్పుడైన సక్షను మూసికొనిపోవుచున్నదని గుర్తు. జల్లెడలో నాచు చేరియుండును. అట్లు నడిపినచో ఇంపెల్లరు పుప్పిపట్టిన పంటివలె గుంటలు పడును.

డీసెలింజిను మాటలు కొలదిగా చెప్పి ముగింతుము. పాత డీసెలును వంచివేసి, అడుగు నీరు తీసి, ఫిల్టరు కడిగి లేదా మార్చి, నూనె మార్చుడు. ఇంధనపు గొట్టములో గాలి యున్నచో ఇంజిను పట్టుకొనదు. ఫిల్టరుపైనున్న గాలిమరను వదలుచేసి, బుడగలు లేని డీసెలు వచ్చువఱకు చేతి పంపుతో త్రోసి బిగింపవలెను. అంతకుమించిన పని నాజిలు తెలిసినవాని చేతికి వదలుట మంచిది.

విద్యుత్తుతో నడచు మోటారు పంపులకు రెండు మాటలు. మూడు ఫేజుల మోటారునకు తీగలు మారిపోయిన అది వెనుకకు తిరుగును. సెంట్రిఫ్యూగలు పంపు వెనుకకు తిరిగినను కొంత నీరు వచ్చును; అందుచేతనే ఈ దోషము నెలలకొలది తెలియకుండ పోవును. పంపుపై వేసిన బాణపుగుర్తునకు సరిగా తిరుగుచున్నదా యని చూచి, కానియెడల సరఫరా ఆపించి రెండు తీగలను మార్పించవలెను. వానకు తడిసి చెమ్మపట్టిన మోటారును వెంటనే పెట్టరాదు. ఎండలో ఆరవిడిచి, మెగ్గరుతో కొలిపించి, కనీసము 1 మెగోము చూపిన తరువాతనే వాడవలెను. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగిన తరువాత, ముంపున పడిన మోటార్లను ఇట్లారనీయక పెట్టి కాల్చుకొనినవారి గోడు మేము వింటిమి. వోల్టేజి మిక్కిలి తగ్గియున్నప్పుడు, మోటారు హుంకరించుచు తిరుగకున్నప్పుడు, స్టార్టరును మరల మరల నొక్కుట దానిని చేజేతుల కాల్చుటయే. లైనుమీద చేయవలసినది లైనుమాను మాత్రమే చేయవలెను.

ఇప్పుడు చెప్పబోవునది పంటకన్న పెద్ద సంగతి. నీరు ఇరువది అడుగులకన్న లోతున నున్నప్పుడు, పంపును నీటిచేరువకు తేవలెనను తలపుతో కొందఱు ఇంజినుతోగూడ బావిలోని అరుగుపైకి దింపుదురు. ఇది ఎన్నడును చేయరాదు. పెట్రోలు, కిరసనాయిలు, డీసెలు దేనితో నడచు ఇంజినైనను దాని పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గలదు. పెట్రోలు, కిరసనాయిలు ఇంజినులలో అది మఱియు హెచ్చు. దానికి వాసన లేదు, రంగు లేదు. బావిగోడల నడుమ గాలి మారక అది నిలిచిపోవును. మనిషికి మొదట తలనొప్పి, పిదప కాళ్ల నిస్సత్తువ. ఎక్కిరావలెనని తోచునప్పటికి చేతులు మెట్టును పట్టజాలవు. లోపల పడిపోయినవానిని చూచి అన్న దిగును, అన్నను చూచి తమ్ముడు దిగును. ఒక్క ఇంజిను కొఱకు ఒకే యింటివారు ముగ్గురు పోయిన సంగతులు మన దేశమున పలుమారులు జరిగినవి.

దీపము దింపి చూచితిమి, ఆరలేదు గనుక దిగవచ్చునని కొందఱు వాదింతురు. దీపము ఆరుట ప్రాణవాయువు చాలమికి గుర్తు. పాడుబావిలోనికి దిగుటకు ముందు ఆ పరీక్ష మంచిదే. అయితే ఇంజిను పొగలోని ఈ విషము, మనిషిని చంపునంత యున్నను, దీపమును ఆర్పదు. గనులలో ఈ విషమును కనిపెట్టుటకు చిన్న పక్షులను తీసికొనిపోవలెనని ఇంగ్లండునందు హాల్డేను పండితుడు 1890ల దశాబ్దమున సూచించినది ఇందుచేతనే. పక్షి మనిషికన్న ముందు సోలును. మనకు పక్షులు వద్దు. ఇంజిను ఎల్లప్పుడు గట్టుపై, గాలి వీచుదిక్కున పొగగొట్టము బావికి దూరముగా నుండవలెను. లోతుబావికి విద్యుత్తు గలచోట నీటమునుగు మోటారును, లేనిచోట గట్టున నుండి పనిచేయు జెట్టు పంపును వాడవలెను. ఎవరైన లోపల పడియున్నచో మొదట ఇంజిను ఆపించి, అగ్నిమాపక దళమువారికి 101కి ఫోను చేయుడు. గాలిసంచి ధరింపక, నడుమునకు త్రాడు లేక మఱియొకరు దిగరాదు. దిగుదునని పరుగెత్తువానిని పట్టి ఆపుటయే అప్పటి సాయము.

పని ముగించి పంపును తిరిగి కొట్టమునకు చేర్చునప్పుడు పొట్టక్రింది మరను విప్పి నీరంతయు వదలివేయుడు. ఇరుసుపైన, బేరింగులందు గ్రీజు పూసి, పొట్టలో కొంచెము నూనె పోసి నాలుగుమార్లు చేతితో త్రిప్పుడు. గొట్టములను మడవక, మేకులకు వ్రేలాడదీసి, మూతులకు గుడ్డగాని కొయ్యబిరడాగాని పెట్టుడు. కుమ్మరిపురుగునకు అంతకన్న అడ్డు వేఱు లేదు. బెల్టు తీసివేసి విడిగా నుంచుడు. ట్రాలీ క్రింద రాళ్లు పెట్టి చక్రములను నేలనుండి ఎత్తుడు. నెలకొకసారి ఇరుసును చేతితో ఒక చుట్టు త్రిప్పినచో త్రుప్పు కరవదు. ఇది పిల్లవాడును చేయగల పని. సంఘమునుండి బండి పంపును అడుగువారు దానితోకూడ తోలుబిళ్లలు రెండు, ఫ్లాంజి వాషర్లు నాలుగు, గ్లాండు త్రాడు ఒక మూర, 3 అంగుళముల క్లాంపులు రెండు గల డబ్బాను అడిగి లెక్కించి తీసికొనుడు. తిరిగి యిచ్చునప్పుడు వాడినవి ఏవో పుస్తకమున వ్రాయించి, అవి మరల చేర్చబడినవో లేదో చూచుకొనుడు.